జులైలో రెండు రోజులు కేంబ్రిడ్జ్: నది పొద్దున, బొమ్మలు మధ్యాహ్నం

మీరు అడిగింది ఇదీ: జులైలో అమ్మానాన్నలు లండన్ వస్తున్నారు, ఇద్దరికీ 65 దాటాయి, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు, నాన్నగారికి పెయింటింగులంటే ప్రాణం. శని, ఆదివారాలు కేంబ్రిడ్జ్‌లో గడపాలి. ఏ ఎగ్జిబిషన్లు చూడాలి, పడవ ఎక్కొచ్చా, కాలేజీలన్నీ తిరగాలా?

ముందు కాలేజీల సంగతి తేల్చేద్దాం. అన్నీ తిరగక్కర్లేదు. మూడో కాలేజీకి వచ్చేసరికి అదే పచ్చిక, అదే గేటు, అదే "గడ్డి మీద నడవరాదు" బోర్డు. కింగ్స్ కాలేజ్ చాపెల్ ఒక్కటి టికెట్ కొని చూడండి. ఆ రాతి పైకప్పు విసనకర్రలు విప్పినట్టు ఉంటుంది, మెడ నొప్పెట్టే దాకా చూడొచ్చు. అక్కడే ఆల్టర్ (పూజాపీఠం) దగ్గర రూబెన్స్ వేసిన పెద్ద బొమ్మ ఉంది, పసివాడైన ఏసుని చూడటానికి ముగ్గురు రాజులు వచ్చిన ఘట్టం. చాలామంది పైకప్పు ఫొటోలు తీసుకుని, ఇటు తిరక్కుండానే బయటికొచ్చేస్తారు. సాయంత్రం ఉచితంగా కీర్తనలు వినొచ్చని ఎవరైనా చెబితే అది కాలేజీ టర్మ్ నడిచే రోజుల మాట. జులైలో వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇక అసలు విషయం. ఈ ఊళ్లో వేసవి పాడయ్యేది ఏం చూశామన్న దాని వల్ల కాదు, ఏ గంటకి చూశామన్న దాని వల్ల. 12 నుంచి 4 దాకా నది మీదా, కింగ్స్ పరేడ్ వీధి మీదా జనం తోసుకుంటుంటారు, ఎండా అప్పుడే. ఇంగ్లండ్ ఎండే కదా అనుకోకండి. 2019 జులై 25న ఇక్కడి బొటానిక్ గార్డెన్‌లో 38.7 డిగ్రీలు నమోదయింది, అప్పటికి బ్రిటన్ మొత్తానికి అదే రికార్డు. కాబట్టి పొద్దున నది, మధ్యాహ్నం బొమ్మలు, సాయంత్రం మళ్లీ ఆరుబయట. జులై మొదట్లో రాత్రి 9 దాటాకే పొద్దుగూకుతుంది, సాయంత్రమే సగం రోజంత ఉంటుంది.

లండన్ కింగ్స్ క్రాస్ నుంచి మధ్యలో ఆగని రైలు 50 నిమిషాల్లో చేరుస్తుంది. అదే స్టేషన్ నుంచి ఊరూరా ఆగే రైళ్లు కూడా ఉంటాయి, ఎక్కే ముందు బోర్డు మీద ఆగే స్టేషన్ల లెక్క చూడండి. దిగాల్సింది కేంబ్రిడ్జ్‌లో, కేంబ్రిడ్జ్ నార్త్‌లో కాదు. మీరు ముగ్గురు పెద్దవాళ్లు కలిసి వెళ్తున్నారు కనక టికెట్ కొనేటప్పుడు గ్రూప్‌సేవ్ ఎంచుకోండి, ఆఫ్-పీక్ (రద్దీ లేని వేళల) ధరలో మూడో వంతు తగ్గుతుంది, శని ఆదివారాలు ఎలాగూ ఆఫ్-పీకే. ఆదివారం పట్టాల మరమ్మతులు పెట్టి రైలు బదులు బస్సు ఎక్కించడం ఇక్కడ మామూలు, తిరుగు రైలు ముందే చూసుకోండి. స్టేషన్ ఊరి నడిబొడ్డున లేదు, నడిస్తే 25 నిమిషాలు. అమ్మగారికి బస్సో టాక్సీయో నయం. కారులో వస్తే ఊరి చివర పార్క్ అండ్ రైడ్‌లో పెట్టి బస్సెక్కండి. లోపల పార్కింగ్ వెతుక్కోవడంలోనే పూట గడిచిపోతుంది.

పడవ గురించి. ఇక్కడ పంట్ అంటే నర్సాపురం దగ్గర కార్లూ లారీలూ ఎక్కించి గోదావరి దాటించే పంటు కాదు. అడుగు చదునుగా ఉండే సన్నటి చెక్క పడవ, వెనక నిలబడి గెడ వేస్తూ నడుపుతారు. రెండు రకాలుగా ఎక్కొచ్చు: నడిపేవాడితో సహా, లేదా పడవ మాత్రమే అద్దెకి. అమ్మానాన్నలతో అయితే మొదటిదే. ముప్పావు గంట పైన పడుతుంది, కాలేజీల వెనక తోటల మీదుగా వెళ్లి వస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. సీటు దాదాపు పడవ అడుగునే ఉంటుంది, కాళ్లు చాపుకుని వెనక్కి ఆనుకోవాలి. కూర్చోవడం తేలిక, లేవడం కష్టం. ఒడ్డు మీద ఒకరు చెయ్యందిస్తే తప్ప లేవలేరు, ఆ సంగతి పడవవాడికి ఎక్కే ముందే చెప్పండి. అడుగున కాస్త నీళ్లు చేరతాయి, చీర కుచ్చిళ్లు తడుస్తాయి. నడిపేవాడు క్వీన్స్ కాలేజ్ దగ్గర చెక్క వంతెన చూపించి, న్యూటన్ ఒక్క మేకూ లేకుండా కట్టాడని చెప్పొచ్చు. వంతెన కట్టింది 1749లో, న్యూటన్ పోయింది 1727లో. నవ్వి ఊరుకోండి.

మీరే నడపాలని సరదా ఉంటే పెద్దవాళ్లని కాఫీకి కూర్చోబెట్టి, 11 లోపు ఒక గంట తీసుకోండి. వెనక చెక్క మీద ముందుకి చూస్తూ నిలబడండి. గెడని పడవ అంచుకి ఆనించి నిట్టనిలువుగా వదలండి, చేతుల్లోంచి జారి దానంతటది అడుగు తాకుతుంది. తాకాక, చేతులు ఒకదాని మీద ఒకటి మారుస్తూ వెనక్కి నెట్టండి. పడవ సాగుతున్నప్పుడు గెడని వెంటనే పైకి లాగేయకండి, తోకలా నీళ్లలో వదిలేయండి, అదే చుక్కాని. తోకని ఎడమకి నెడితే పడవ ముక్కూ ఎడమకే తిరుగుతుంది. కొత్తవాళ్ల పడవ గుండ్రంగా తిరుగుతోందంటే రెండే కారణాలు: గెడ ఏటవాలుగా వేయడం, లేదా చుక్కాని సంగతి మర్చిపోవడం. అడుగున బురద ఉంటుంది, గెడ దిగబడిపోతుంది. లాగే ముందు ఒకసారి మెలి తిప్పండి, ఊడొస్తుంది. రాకపోతే వదిలేయండి. నదిలో పడేవాళ్లంతా గెడ వదలనివాళ్లే. పడవ ముందుకి పోతుంటుంది, మనిషి గెడకి వేళ్లాడుతూ ఉండిపోతాడు. పడవలో చిన్న తెడ్డు ఉంటుంది, దాంతో వెనక్కి వచ్చి గెడ అందుకోవచ్చు. కుడి పక్కన సాగండి, చేతివేళ్లు అంచు బయట పెట్టకండి, రెండు పడవల మధ్య నలుగుతాయి.

మధ్యాహ్నానికి ఫిట్జ్‌విలియం మ్యూజియం. 1816లో ఒక ప్రభువు వీలునామాలో వదిలిన సొత్తుతో మొదలైంది, ప్రవేశం ఉచితం. సోమవారం మూత, ఆదివారం మధ్యాహ్నం 12కి గాని తలుపులు తియ్యరు. అందుకే దీన్ని శనివారానికి పెట్టుకోండి. ముందున్న రాతి మెట్లు ఎక్కక్కర్లేదు, పక్కన కోర్ట్‌యార్డ్ వైపు ద్వారం ఉంది. మ్యూజియం ముందున్న ట్రంపింగ్టన్ స్ట్రీట్‌లో రోడ్డుకి రెండు పక్కలా లోతైన రాతి కాలవలు ఉంటాయి, 17వ శతాబ్దంలో ఊరికి మంచినీళ్లు తెచ్చిన ఏర్పాటు తాలూకు మిగులు. ఫొటో కోసం వెనక్కి అడుగు వేస్తే కాలు అందులోకే.

ఆ మ్యూజియంలో అన్నీ చూద్దామని వెళ్తే ఏదీ చూడరు. గంటన్నర చాలు, మూడు నాలుగు గదులు చాలు. ఇటలీ చిత్రకారుడు టిషన్ ముసలితనంలో వేసిన టార్క్విన్, లుక్రీషియా బొమ్మ (పాత రోమన్ కథలోది) పెద్దది, దూరం నుంచి చూడాలి. దానికి పూర్తిగా వ్యతిరేకం డొమెనికో వెనెజియానో వేసిన చిన్న పలక: వెడల్పు అర మీటరు, ఎత్తు అందులో సగం, 15వ శతాబ్దం నాటిది. దేవదూత వచ్చి మేరీకి కబురు చెప్పే ఘట్టం. నాన్నగారిని ముందు ఆ ఇద్దరినీ వదిలేసి మధ్యలోకి చూడమనండి. ఖాళీ నడవ, దాని వెనక కమాను, కమాను వెనక తోటదారి, ఆ చివర మూసిన తలుపు. గీతలన్నీ అక్కడికే పోతాయి. ఆ తలుపు మూసి ఉండటం పొరపాటు కాదు, మేరీ కన్యత్వానికి గుర్తుగా వేసిందే. అది ప్రదర్శనలో ఉంటే పది నిమిషాలు దాని ముందే గడపొచ్చు.

నీటిరంగుల కోసం వెళ్లేవాళ్లకి ఒక హెచ్చరిక. చిత్రకారుడు టర్నర్ వేసిన నీటిరంగు బొమ్మలు 25, 1861లో కళా విమర్శకుడు రస్కిన్ ఇచ్చినవి, ఈ మ్యూజియంవే, కానీ మీరు వెళ్లిన రోజున గోడ మీద ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు. కాగితం మీది రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, పోయిన రంగు తిరిగి రాదు. అందుకే మ్యూజియాల్లో కాగితం బొమ్మలకి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గర మసక వెలుతురు పెట్టి, కొన్ని నెలలు చూపించి, తిరిగి పెట్టెల్లో భద్రపరుస్తారు. గదిలోకి వెళ్లగానే ఏమీ కనపడటం లేదని బయటికి రాకండి, కళ్లు అలవాటు పడటానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. వీపు సంచీ లాకర్‌లో పెట్టండి, స్కెచ్ వేసుకోవాలంటే పెన్సిలే, పెన్ను కాదు. షూ లేసులు కట్టుకోండి, ఇది వేళాకోళం కాదు. 2006లో ఒక సందర్శకుడు ఊడిన లేసు తొక్కి మెట్ల మీంచి పడి మూడు చైనా కూజాలు ముక్కలు చేశాడు. తర్వాత అతికించారనుకోండి.

ఒక్కచోటికే టైముందంటే మాత్రం నేను ఫిట్జ్‌విలియం కాదు, కెటిల్స్ యార్డ్ అంటాను. ఆదివారం 11కి అదే పెట్టుకోండి. జిమ్ ఈడ్ అని, లండన్ టేట్ గ్యాలరీలో క్యూరేటర్‌గా చేసినాయన 1957లో నాలుగు పాత కాటేజీలు కలిపి ఇల్లు చేసుకుని, ఆ ఇంట్లోనే తన బొమ్మలు పెట్టాడు. రోజూ మధ్యాహ్నం విద్యార్థులకి తలుపు తీసి ఉంచేవాడు. 1966లో ఇల్లు, బొమ్మలు యూనివర్సిటీకి ఇచ్చేశాడు. ఇప్పటికీ అది ఇల్లే. గోడల మీద చీటీలు లేవు, కుర్చీల్లో కూర్చోవచ్చు, మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! ఒకచోట తగరపు పళ్లెంలో ఒక్క నిమ్మకాయ ఉంటుంది. ఎందుకో అడక్కుండా గోడ మీదున్న మిరో బొమ్మలో పసుపు చుక్క వెతకండి, తెలిసిపోతుంది. ఆ నిమ్మకాయ వాడిపోతే కొత్తది పెడుతూ వస్తున్నారు. ఒక బల్ల మీద గులకరాళ్లు పెద్దవాటి నుంచి చిన్నవాటికి చుట్లు చుట్లుగా పేర్చి ఉంటాయి, ముట్టుకోకండి. ఆల్ఫ్రెడ్ వాలిస్ బొమ్మలు వదలొద్దు. చేపల పడవల మీద బతికిన మనిషి, డెబ్బయ్యో పడిలో బొమ్మలు మొదలుపెట్టి, చిరిగిన అట్టముక్కల మీద పడవలకేసే రంగుతో వేశాడు. అట్ట ఏ వంకరలో చిరిగితే సముద్రం ఆ వంకరలోనే.

ఇంట్లోకి వెళ్లడానికి టైము వేసిన టికెట్ ఉంటుంది, వేసవి వారాంతాల్లో ముందే అయిపోతుంది, రైలు టికెట్ కంటే ముందు ఇది కొనండి. లోపల సన్నటి మెట్లు ఉన్నాయి, అమ్మగారు కింది గదుల్లో కూర్చున్నా నష్టం లేదు. ఇంట్లో వెలుతురంతా కిటికీలదే, మబ్బు పట్టిన సాయంత్రం కంటే ఎండ ఉన్న పూట వెళ్లండి. అక్కడి నుంచి గుట్ట మీదికి పదీ పదిహేను నిమిషాలు నడిస్తే ముర్రే ఎడ్వర్డ్స్ కాలేజ్, మహిళలు వేసిన బొమ్మల సంగ్రహం, ఉచితం. ఓపిక ఉంటేనే.

జులైలోనే వెళ్తున్నారు కనక ఓపెన్ స్టూడియోస్ కూడా. ఆ నెల వారాంతాల్లో ఊళ్లోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ చిత్రకారులు తమ ఇళ్లు, షెడ్లు తెరుస్తారు, బయట పసుపు జెండా కడతారు. ఎవరు ఏ వారం తెరుస్తారో గైడులో ఉంటుంది. అందరూ నాలుగు వారాలూ తెరవరు, తేదీ చూడకుండా వెళ్లి మూసిన గేటు చూసి రావడమే ఇక్కడ మామూలు పొరపాటు. ఒకే పేట ఎంచుకోండి, ఉదాహరణకి మిల్ రోడ్ చుట్టుపక్కల, నడక తగ్గుతుంది. అదే రోడ్డులో మన సరుకుల కొట్లూ ఉన్నాయి. కొనాలన్న మొహమాటం అక్కర్లేదు, బేరం మాత్రం ఆడకండి. ప్రింట్ కొంటే "ఇది చేత్తో అద్దిందా, ఇంక్‌జెట్టా" అని అడగండి. చేత్తో అద్దిన ఎచింగ్ అయితే బొమ్మ చుట్టూ రాగిరేకు నొక్కుకున్న గాడి వేలికి తగులుతుంది. కింద 12/50 అని ఉంటే యాభైలో పన్నెండోది అని. ఇండియాకి తీసుకెళ్లేవాళ్లు ఫ్రేము లేకుండా కొనండి. అద్దం సూట్‌కేసులో పగులుతుంది, ఫ్రేము మన ఊళ్లో కట్టించుకోవచ్చు. కాగితాన్ని రెండు గట్టి అట్టల మధ్య పెట్టి చేతి సామానులో వేసుకోండి. కొత్త ఆయిల్ పెయింటింగ్ అయితే పూర్తిగా ఆరిందో లేదో వేసినవాళ్లనే అడగండి, పైన ఆరినట్టున్నా లోపల నెలలు పడుతుంది.

ఆదివారం సాయంత్రం గ్రాంట్‌చెస్టర్ అనే పల్లె. నది పక్కన పచ్చిక మీదుగా నడక ముప్పావు గంట, అమ్మగారికి కష్టమైతే టాక్సీలో నేరుగా వెళ్లి మీరు నడిచి కలుసుకోండి. పచ్చికలో ఆవులు మేస్తుంటాయి, దూడలున్న వాటికి దూరంగా వెళ్లండి. ఊరు దాటాక దారిలో టాయిలెట్ లేదు. చివర ది ఆర్చర్డ్ అనే యాపిల్ తోటలో చెట్ల కింద వాలుకుర్చీలు, టీ, స్కోన్లు (చిన్న బన్నుల్లాంటివి). 1897 నుంచీ అక్కడ టీ పోస్తున్నారు. స్కోన్ మీద వేసే క్లాటెడ్ క్రీమ్ మన పాల మీద కట్టే మందపాటి మీగడకి దగ్గరి చుట్టం, తియ్యగా ఉండదు, జామ్ కలిపే తినాలి. వేసవి ముదిరేకొద్దీ జామ్‌కి కందిరీగలు ముసురుతాయి, గిన్నె మూసి పెట్టుకోండి. పులిహోర తెచ్చుకుంటే తోటలో కాదు, దారిలో పచ్చిక మీద కూర్చుని కానివ్వండి. టీ తోట మూసే వేళ ముందే చూసుకోండి, పొద్దుగూకే దాకా ఉండదు.

నాన్నగారికి ఇంకో అరగంట ఉందంటే డౌనింగ్ స్ట్రీట్‌లోని ఆర్కియాలజీ, ఆంత్రోపాలజీ మ్యూజియం చూపించండి, ఉచితమే. మన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, కలకత్తా మీదుగా 1946లో వచ్చి పనిచేసింది ఈ మ్యూజియంలోనే. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు లెక్కగట్టడం ఆయన పని, 1948లో కింగ్స్ కాలేజ్ నుంచి డాక్టరేట్ కూడా తీసుకున్నారు. శనివారం ఫిట్జ్‌విలియం నుంచి కింగ్స్‌కి నడిచేటప్పుడు కొద్దిగా పక్కకి తిరిగితే చాలు.