గది నిండా పాత కంట్రోలర్లే, మా అబ్బాయిని ఈవీ కోర్సులో చేర్చమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. పాడైన ఎలక్ట్రిక్ స్కూటర్ల నుంచి, గోదాముల్లో తిరిగే ఫోర్క్‌లిఫ్టుల నుంచి తీసేసిన మోటార్ కంట్రోలర్లు (బ్యాటరీ నుంచి మోటారుకు వెళ్లే కరెంటును అదుపుచేసే డబ్బాలు) పోగుచేసి, వాటిని విప్పి చూస్తూ సెలవులన్నీ గడిపేస్తున్నాడు. లేబుల్ కూడా లేని డబ్బాను చూపించి ‘ఇది 72 వోల్టులది నాన్నా’ అంటాడు. మార్కులు ఫరవాలేదు. కానీ తోటి పిల్లలంతా మూడు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ వాహనాల) డిజైన్ కోర్సుల్లో చేరుతున్నారు. వీడు ఇలాగే ఉంటే చివరికి మెకానిక్‌గా మిగిలిపోతాడని భయం. కోపంలో ఒకరోజు సంచెడు సామాను పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాను. అప్పటి నుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. ఆ కోర్సు మేలా, ఈ పిచ్చి మేలా? పోల్చి చెప్పండి. (ఒక తండ్రి)

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివిన వాక్యం ‘మెకానిక్‌గా మిగిలిపోతాడని భయం’. ఈ మాట నా దగ్గరకు తరచుగా వస్తూనే ఉంటుంది. ఒకరింట్లో డ్రోన్లు, ఇంకొకరింట్లో పాత రేడియోలు, మీ ఇంట్లో కంట్రోలర్లు. వస్తువు మారుతుంది, భయం మారదు. చేతికి మసి అంటుకుంటే చదువుకు కూడా అంటుకుంటుందని తల్లిదండ్రుల బెంగ.

ముందు ఆ 72 వోల్టుల సంగతి చూద్దాం. మీరు దాన్ని ఫిర్యాదుగా రాశారు, నాకు మాత్రం ఉత్తరం మొత్తంలో ఆసక్తి కలిగించింది అదే. లేబుల్ ఊడిపోయిన డబ్బా లోపల వరుసగా నిలబడి ఉండే గుండ్రటి కెపాసిటర్లు, అంటే చార్జ్‌ను కాసేపు నిలవ ఉంచే భాగాలు ఉంటాయి. వాటి మీద 63 వోల్టులు అని ఉంటే ఆ కంట్రోలర్ చాలావరకు 48 వోల్టుల బండిది. 13 లిథియం సెల్స్ వరుసగా కలిపిన బ్యాటరీ నిండా చార్జ్ అయితే 54.6 వోల్టులు వస్తుంది, 63 దానికి సరిపోతుంది. 100 వోల్టులు అని ఉంటే ఇంకా పెద్ద బ్యాటరీ కోసం చేసినది. 72 వోల్టులుగా పిలిచే 20 సెల్స్ బ్యాటరీ నిండినప్పుడు 84 వోల్టులకు చేరుతుంది కాబట్టి దానికి 63 చాలదు. మీవాడు బహుశా ఈ లెక్కే వేశాడు. ఎవరూ చెప్పకుండా వేశాడంటే, మీరు తిట్టవలసింది పోయి కూర్చోబెట్టి వినవలసిన సందర్భం అది.

అయితే అబ్బాయిని కూడా ఒకటి అడగండి. ‘72 వోల్టులది’ అన్నాడా, ‘కావచ్చు’ అన్నాడా? కెపాసిటర్ మీద ఉన్నది పైహద్దు మాత్రమే. 60 వోల్టుల బండిలోనూ అవే కెపాసిటర్లు వాడతారు. తేల్చుకోవాలంటే వోల్టేజీని కావలసినట్టు మార్చుకోగలిగే సప్లై నుంచి కరెంటు ఇచ్చి, మెల్లగా తగ్గిస్తూ కంట్రోలర్ ఎక్కడ మోటారును ఆపేస్తుందో చూడాలి. 48 వోల్టుల కంట్రోలర్లు సాధారణంగా 40, 42 వోల్టుల దగ్గర ఆగిపోతాయి, 72 వోల్టులవి 60 పైచిలుకు దగ్గరే ఆగుతాయి. ‘అనుకుంటున్నాను’, ‘చూశాను’ అన్న రెండు మాటల మధ్య తేడా తెలిసినవాడికి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఉన్నారు.

ఈ తేడా వైర్ల దగ్గరా తెలుస్తుంది. స్కూటర్ కంట్రోలర్ నుంచి మూడు లావు వైర్లు, ఐదు సన్న వైర్లు మోటారుకు వెళ్తాయి. లావువి ఫేజ్ వైర్లు, మోటారును తిప్పే కరెంటును మోసేవి. సన్నవాటిలో రెండు హాల్ సెన్సర్లకు (మోటారులోని అయస్కాంతాలను పసిగట్టేవి) 5 వోల్టులు, గ్రౌండ్ ఇచ్చేవి, మిగిలిన మూడు చక్రం ఎక్కడుందో చెప్పే సంకేతాలు. పసుపు, ఆకుపచ్చ, నీలం రంగులు రెండు వైపులా కనిపిస్తాయి. రంగుకు రంగు కలిపేస్తే సరిపోతుందని కొత్తవాళ్లు అనుకుంటారు, తయారీదారుడు మారితే రంగుల అర్థమూ మారుతుంది. ఫేజ్ వైర్లను ఆరు రకాలుగా, హాల్ వైర్లను ఆరు రకాలుగా, మొత్తం 36 రకాలుగా కలపవచ్చు. కొన్ని మాత్రమే సరైనవి. తప్పు కలయికలో మోటారు వణుకుతుంది, లేదా తిరుగుతూనే బరువేమీ లేకుండా విపరీతంగా కరెంటు లాగుతుంది. ఈ రెండోదాన్ని చూసి ‘తిరిగింది కదా’ అని సంబరపడేవాడు మర్నాడు కాలిన వాసన చూస్తాడు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ మీటరుతో ఒక్కో సంకేతం ఎప్పుడు మారుతోందో రాసుకుంటే, సెన్సర్లు 120 డిగ్రీల అమరికలో ఉన్నప్పుడు మూడూ ఒకేసారి 5 వోల్టులు చూపించడం గానీ ఒకేసారి సున్నా చూపించడం గానీ ఉండదు. అలా జరిగితే సెన్సర్ ఒకటి పోయింది, లేదా అది 60 డిగ్రీల అమరిక. నేను ఇంటర్వ్యూ బల్లకు అటువైపు కూర్చున్న రోజుల్లో ఇదొక్కటే అడిగి చాలామందిని అంచనా వేయగలిగేవాడిని.

అవును, బల్లకు అటువైపు కూర్చునేవాడిని. సలహాలివ్వడం మొదలుపెట్టక ముందు కొన్నేళ్లు ఫోర్క్‌లిఫ్టుల మరమ్మతులో పనిచేశాను. అందుకే మీవాడి సంచిలోని పెద్ద డబ్బాలు కూడా నాకు పరిచయమే. మీద బీ ప్లస్, బీ మైనస్, ఎం మైనస్, ఏ2 అని ఉంటే అది బ్రష్‌లున్న సిరీస్ మోటారుది. ఎఫ్1, ఎఫ్2 అని అదనంగా ఉంటే ఫీల్డ్‌ను, అంటే మోటారులో అయస్కాంతంలా పనిచేసే తీగచుట్టను, విడిగా నడిపే రకం. యూ, వీ, డబ్ల్యూ కనిపిస్తే మూడు ఫేజులది. ఈ మూడోదాన్ని తిరిగి వాడటం మొదటి రెండింటికంటే చాలా కష్టం. ఏ మోటారును నడపాలో దాని కొలతలన్నీ లోపలి ప్రోగ్రాములో ఉంటాయి, వాటిని మార్చాలంటే తయారీదారుడి పరికరమో సాఫ్ట్‌వేరో కావాలి. కార్ల ఇన్వర్టర్లు, అంటే బ్యాటరీ కరెంటును మూడు ఫేజుల కరెంటుగా మార్చే కంట్రోలర్లు, ఇంకా మొండివి. క్యాన్ వైర్ల (బండిలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) మీద సరైన సందేశాలు అందకపోతే బతికున్నా చచ్చినట్టే పడుంటాయి. ఔత్సాహికులు కొందరు ఆ సందేశాలను పట్టుకుని అనుకరిస్తారు, మరికొందరు లోపలి కంట్రోల్ బోర్డునే మార్చేస్తారు. అలాంటివాళ్లలో మీవాడు ఒకడైతే నన్నడగకుండానే దారి దొరుకుతుంది.

ఇక ఆ ఈవీ కోర్సు. అది మోసమని అనను. బాగా బోధించేవాళ్లు ఉన్నారు. కానీ ‘ఈవీ డిజైనర్’ అన్న పేరుతో ఒకే ఉద్యోగం ఉంటుందన్న ఊహ మీదే నాకు అనుమానం. కంపెనీలు పిలిచేది పవర్ ఎలక్ట్రానిక్స్ తెలిసినవాడిని, యంత్రం లోపలి చిప్పులకు (ఎంబెడెడ్) ప్రోగ్రాములు రాసేవాడిని, బ్యాటరీవాడిని, వేడిని బయటికి పంపే లెక్కలు తెలిసినవాడిని, వైరింగు చేసేవాడిని, పరీక్షించేవాడిని. మూడు నెలల్లో ఇవన్నీ కలిపి పైపైన చూపించి, చివరికి కంప్యూటర్ తెర మీద ఒక బండి నడిపించి, సర్టిఫికెట్ చేతికిస్తే పిల్లవాడికి ఏది వచ్చినట్టు? నా దగ్గరకు వచ్చే బయోడేటాల్లో ఆ కోర్సు చేసినవాళ్ల ప్రాజెక్టు పేరాలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటాయి. ‘కంట్రోలర్‌లో మాస్‌ఫెట్ పోయిందని తెరవకుండా ఎలా కనుక్కుంటావు?’ అని అడిగితే నిశ్శబ్దం. మాస్‌ఫెట్ అంటే కరెంటును క్షణంలో కలిపి తెంచే ఎలక్ట్రానిక్ స్విచ్చి. బ్యాటరీ, మోటారు వైర్లు తీసేసి, కెపాసిటర్లు ఖాళీ చేసి, మీటరును డయోడ్ గుర్తు మీద పెట్టి, ఎర్ర ముల్లు నెగటివ్‌కు, నల్ల ముల్లు ఒక్కో ఫేజుకు ఆనించాలి. మూడూ అరవోల్టుకు అటూఇటూగా ఒకేలా చూపించాలి. ఒకటి సున్నాకు పడిపోతే అక్కడే పోయింది. తర్వాత నల్ల ముల్లు పాజిటివ్‌కు, ఎర్ర ముల్లు ఒక్కో ఫేజుకు ఆనించి అలాగే చూడాలి. ఒక్క నిమిషం పని, మీవాడికి ఇప్పటికే వచ్చి ఉంటుంది.

ఇంకో సంగతి. ఈ ఈవీ జోరు రేపు చల్లబడినా మోటారును అదుపులో పెట్టే విద్య పాతబడదు. లిఫ్టులో, బట్టలుతికే యంత్రంలో, పంపులో, డ్రోన్‌లో ఉన్నది అదే.

మీ భయంలో న్యాయమైన భాగం ఒకటి ఉంది, విచిత్రంగా దాన్ని మీరు రాయనేలేదు. ప్రమాదం. వాహనాల భద్రతకు సంబంధించిన ఐఎస్‌ఓ 6469 ప్రమాణం డీసీలో 60 వోల్టులు దాటినదాన్ని ప్రమాదకర తరగతిలో పెడుతుంది. మీవాడి 72 వోల్టుల డబ్బా ఆ గీత దాటినదే. బ్యాటరీ తీసేశాక కూడా కెపాసిటర్లలో చార్జ్ నిలిచి ఉంటుంది. నా కథ చెబుతాను. పనిలో చేరిన కొత్తలో ఒక పాత బ్రష్ మోటారు బండికి పరీక్షించని కంట్రోలర్ బిగించి, మెయిన్ కాంటాక్టర్ (బ్యాటరీని కలిపి తెంచే పెద్ద స్విచ్చి) లేకుండా నేరుగా బ్యాటరీ తగిలించాను. లోపల మాస్‌ఫెట్‌లు షార్టై ఉన్నాయి. అలాంటప్పుడు బ్యాటరీ వోల్టేజీ మొత్తం మోటారుకే చేరుతుంది, పెడల్ తొక్కే పని లేదు. చక్రాలు నేల మీదే ఉన్నాయి. బండి నా పక్కనుంచి దూసుకెళ్లి ఎదురుగా ఉన్న ఇనుప బీరువాను మడతపెట్టింది. మా పెద్ద మేస్త్రి నన్ను ఒక్క మాట అనలేదు, ఒక జాకీ తెచ్చి నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

కాబట్టి అబ్బాయిని ఆపకండి, షరతులు పెట్టండి. చక్రం గాల్లో ఉండాలి. ఫ్యూజు, చేతికందే చోట ఆపే స్విచ్చి ఉండాలి. కెపాసిటర్లను రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరు చూశాకే ముట్టుకోవాలి. మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు బ్యాటరీకి సరిపడే పాతకాలపు ఫిలమెంటు బల్బును వరుసలో పెట్టాలి. బల్బు ఒక్కసారి మెరిసి ఆరితే కెపాసిటర్లు నిండినట్టు, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్. కార్ల నుంచి తీసిన ఇన్వర్టర్లు ఇంట్లోకి రాకూడదు. వాటి బ్యాటరీలు వందల వోల్టులవి, అనుభవమున్న మనిషి పక్కన లేకుండా ముట్టుకోవలసినవి కావు. బాగుచేసిన కంట్రోలర్లను ఇతరుల బండ్లకు అమ్మడం కూడా ఇప్పుడే వద్దనండి. బ్రేకు నొక్కగానే మోటారు ఆగే వైరు పనిచేస్తోందో లేదో, నీళ్లు పోకుండా మూత సరిగా కూర్చుందో లేదో, ఇవన్నీ మరొకరి ప్రాణానికి సంబంధించినవి.

పోలిక అడిగారు కదా, చెప్పేది కొంచెమే. చదువు ఎలాగూ సాగుతోంది, అదే ప్రధానం. కోర్సు కట్టే డబ్బుతో మంచి మీటరు, మార్చుకోగలిగే సప్లై, చిన్న ఆసిలోస్కోపు (వోల్టేజీ మారే తీరును తెర మీద గీసి చూపేది) కొనివ్వండి. ఒక్కో కంట్రోలర్‌కు ఒక పేజీ చొప్పున నోట్‌బుక్ పెట్టమనండి: ఏది చూశాడు, ఏమనుకున్నాడు, కొలిస్తే ఏం తేలింది, ఎక్కడ పొరబడ్డాడు. మూడో సంవత్సరంలో పవర్ ఎలక్ట్రానిక్స్, కంట్రోల్ సిస్టమ్స్ పాఠాలు వచ్చినప్పుడు ఆ పేజీలకు అర్థం తెలుస్తుంది. ఆ తర్వాత కూడా కోర్సు కావాలని తనే అడిగితే చేర్పించండి, అప్పటికి ఏది అడగాలో తెలిసి ఉంటుంది.

సంచి ఇచ్చేసిన సంగతి మాత్రం, క్షమించండి, తప్పే. మీ ఆఫీసు కాగితాలను ఎవరైనా అలా తూకానికి వేస్తే మీరేం చేసేవారు? మెకానిక్ అవుతాడని భయపడ్డారు సరే, అతను ఒక్కో డబ్బా పేరు కనిపెట్టడానికి ఎన్ని సాయంత్రాలు కూర్చున్నాడో ఒక్కసారైనా అడిగారా? అతని మౌనం నాకేమీ ఆశ్చర్యంగా లేదు. అది ఎక్కువ రోజులు నిలిచేది కూడా కాదు, మీరు ముందు మాట కలిపితే.

ఆ పాత ఇనుము మనిషి ఇంకా అవి కరిగించడానికి పంపి ఉండకపోతే ఈ వారమే వెళ్లండి. అబ్బాయిని వెంట తీసుకెళ్లండి. ఏవి మనవో మీకు తెలియదు, అతనికి తెలుసు.