వంశీకి అత్తయ్య రాస్తున్నది

వంశీ,

నువ్వు పుణె నుంచి తెనాలి వచ్చేసి, ఇంటి నుంచే ఉద్యోగం చేసుకుంటూ నాన్న దగ్గర ఉంటావని మీ అక్క ఫోన్‌లో చెప్పింది. వదిన పోయాక అన్నయ్య ఒంటరిగా ఉన్నాడన్న దిగులు నాకు ఎప్పుడూ ఉండేదే, కాబట్టి ఎంత సంతోషించానో నీకు వేరే చెప్పక్కర్లేదు. కానీ "గుండెకి మందులు వాడుతున్నారుగా, మతిమరుపంటావా, ఆ వయసుకి మామూలే" అన్నావట. ఆ మాట వినగానే నాకు గుండె గుభేలుమంది. ఆ రెండింటినీ అలా విడదీసి చూడకురా. జీవితమంతా వార్డుల్లో నర్సుగా తిరిగినదాన్ని, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మీ నాన్న ఎకోలో, అదే గుండె స్కాన్‌లో, పంపింగ్ (గుండెలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి బయటికి నెట్టేది) 35 శాతం అని వచ్చింది కదా, ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి అది 55 పైన ఉంటుంది. మెదడు మన ఒంటి బరువులో 2 శాతమే అయినా గుండె పంపే రక్తంలో ఇంచుమించు 15 శాతం దానికే కావాలి. కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి ఆయకట్టు పొలాలే కదా, మెదడు లోతుల్లో ఉండే సన్నటి రక్తనాళాల పరిస్థితీ అంతే. దానికి తోడు గుండె లయ తప్పి కొట్టుకుంటే, రిపోర్టులో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అని రాస్తారే అదే, గుండెలో గడ్డలు కట్టి మెదడుకి చేరతాయి. కాలూ చెయ్యీ పడిపోకపోయినా లోపల చిన్న చిన్న దెబ్బలు తగులుతూనే ఉంటాయి. రక్తం పలచబడే మాత్ర రాశారంటే అందుకే, అది ఒక్క పూట కూడా తప్పకూడదు. బీపీ, షుగర్ అయితే గుండెనీ మెదడునీ రెండింటినీ తింటాయి. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరివాళ్లని 1948 నుంచి తరతరాలుగా పరీక్షిస్తూ వస్తున్నారు. అక్కడ కూడా గుండె పంపే రక్తం తక్కువగా ఉన్నవాళ్లలో తర్వాత డిమెన్షియా, అంటే మతి సన్నగిల్లే జబ్బు, ఎక్కువగా వచ్చిందని 2015లో రాశారు. గుండె జబ్బున్న అందరికీ మతి పోతుందని కాదు నాన్నా, బెంగ పెట్టుకోకు. ఒకటి చూసేటప్పుడు రెండోదాన్ని మర్చిపోవద్దంటున్నాను, అంతే.

ఉప్పు తగ్గించాలి, ఆవకాయ అప్పడాలు బల్ల మీద పెట్టకూడదు, సాయంత్రం కాసేపు నడిపించాలి, చెకప్ మానకూడదు. ఇవి నీకు తెలిసినవే.

మా మామగారి సంగతి మాత్రం నీకు పూర్తిగా తెలియదు, అప్పటికి నువ్వు చిన్నవాడివి. ఆయన హెడ్మాస్టరు చేసి రిటైరయ్యారు, ఇంట్లో ఆయన మాటకి ఎదురుండేది కాదు. గుండె నీరసించిందని డాక్టరు మాత్రలు రాస్తే ఆ డబ్బా ఆయన తలగడ దగ్గరే ఉండేది. చూసుకునే బాధ్యత మా బావగారిది, కానీ ఆ డబ్బా అడిగి తీసుకునే ధైర్యం ఆయనకి లేదు, "నాన్నగారికి లెక్క తప్పడం ఏమిటి" అనేవారు. లెక్క తప్పుతోంది. ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపే నీళ్ల మాత్ర వేసుకుంటే మాటిమాటికీ బాత్రూముకి వెళ్లాలని ఒకరోజు మానేసేవారు, ఇంకోరోజు వేసుకున్న సంగతి మర్చిపోయి మళ్లీ వేసుకునేవారు. కాళ్లు వాచాయి. మోకాళ్ల నొప్పులంటే బావగారు మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చిచ్చారు. ఆ మాత్రలు ఒంట్లో నీరు పట్టేలా చేస్తాయని ఆ షాపతను చెప్పలేదు, ఈయన అడగలేదు. ఒక సాయంత్రం మామగారు మా తోడికోడల్ని చూసి "ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లోకి ఎందుకొచ్చావు" అని కేకలేశారు. రాత్రంతా మాట్లాడుతూనే ఉన్నారట. దానికి బావగారు చేసింది ఏమిటో తెలుసా, చాదస్తం ముదిరిందని నిద్రమాత్ర ఇచ్చి పడుకోబెట్టారు. మర్నాడూ అదే. నేను డ్యూటీ దిగి ఊరు చేరేసరికి ఆయన మంచం మీద పడుకోలేక, కూర్చుని రొప్పుతున్నారు.

ఆసుపత్రిలో చూస్తే ఊపిరితిత్తుల్లో నీరు, రక్తంలో సోడియం బాగా పడిపోయింది, మూత్రంలో ఇన్‌ఫెక్షన్. ఆ మూడూ సరిచేస్తుంటే ఒక్కో రోజుకీ మనిషి తేరుకున్నారురా! కోడల్ని పేరు పెట్టి పిలిచారు, పేపరు తెమ్మన్నారు. అప్పటికే ఉన్న మతిమరుపు పోలేదు, మునుపటి మనిషైతే కాలేదు. కానీ ఆ నాలుగు రోజుల పిచ్చి మాటలు ముసలితనం కాదు, వైద్యానికి లొంగే జబ్బు. బావగారు చెడ్డవారు కాదు, తండ్రంటే ప్రాణం. ఆ గౌరవమే ఆయన చేతులు కట్టేసింది, నా బాధంతా అదే.

నీకూ మీ నాన్నంటే అలాంటి గౌరవమే ఉంది కాబట్టి భయపడుతున్నా. గుండె జబ్బుకి రోజూ ఇన్ని మాత్రలు, ఇన్ని నీళ్లు, ఇంత బరువు అని గుర్తుపెట్టుకోవాల్సినవి బోలెడు. ఆ గుర్తే సన్నగిల్లుతున్న మనిషి మీద ఆ భారం వదలకు. అలాగని డబ్బా లాక్కోకు, అన్నయ్య మనసు కష్టపడుతుంది. వారానికి సరిపడా గళ్ల డబ్బాలో మాత్రలు నువ్వు సర్దు, ఆయన చేత్తో ఆయన్నే వేసుకోమను, పక్కన నువ్వుండు. పొద్దున్నే బాత్రూముకి వెళ్లొచ్చాక, టిఫిన్‌కి ముందు బరువు చూసి రాసుకోమను, బ్యాంకులో అన్నేళ్లు లెడ్జర్లు రాసిన మనిషి, ఆ పని ఇష్టంగా చేస్తాడు. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడకుండా డాక్టరుకి ఫోన్ చెయ్యి.

మతిమరుపు నెలల తరబడి మెల్లగా పెరగడం వేరు. నిన్నటిదాకా బాగున్న మనిషి ఇవాళ తికమకగా మాట్లాడినా, పగలంతా మత్తుగా పడుకున్నా అది వేరు, అప్పుడు ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. నొప్పి మాత్రలు, జలుబు మాత్రలు, నిద్ర మాత్రలు అడగకుండా కొనొద్దు. సోడియం తక్కువ ఉప్పు అని అమ్ముతారే, అందులో పొటాషియం ఉంటుంది, గుండె మందులు కొన్నింటితో అది ప్రమాదం, అడగకుండా వాడకు. విటమిన్ బీ12, థైరాయిడ్ ఒకసారి చూపించు, చెవులు కూడా, వినపడక పొరపాటు జవాబు చెప్తే మనం మతిమరుపనుకుంటాం. న్యూరాలజిస్టు మతిమరుపుకి డొనెపెజిల్ లాంటిది రాస్తే మొదలుపెట్టే ముందు గుండె డాక్టరుకి ఆ చీటీ చూపించు, అది గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఇద్దరు డాక్టర్లూ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు, మధ్యలో ఆ కాగితాలు మోసేది నువ్వే.

అడిగిందే పదిసార్లు అడుగుతాడు. విసుక్కుంటావు, ఎవరైనా విసుక్కుంటారు. అందుకే రాత్రిళ్లు తోడుకి ఒక మనిషిని పెట్టుకో, వారంలో ఒక రోజు మీ అక్కకి అప్పగించి బయటికి వెళ్లు. అన్నీ నేనే చేస్తానని మొండికెయ్యకు, ఆ మొండితనం మీ నాన్న నుంచే వచ్చింది నీకు. ఆయన నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకుని నర్సింగ్ ఇంటర్వ్యూకి తీసుకెళ్లిన మనిషి, ఇంట్లో అందరూ వద్దన్నా. ఆయన్ని నీ చేతుల్లో పెడుతున్నా వంశీ.

ఎకో రిపోర్టు, ఇప్పుడు వాడుతున్న మందుల చీటీలన్నీ ఫోటోలు తీసి ఇవాళే పంపు. పాత మాత్రలు ఏవైనా అల్మరాలో ఉంటే పారెయ్యకు, నేను ఆదివారం వచ్చి చూస్తాను.

అత్తయ్య