రక్తనాళం గోడలో తెల్లకణాలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. ఛాతీలో బరువుగా ఉందంటే యాంజియోగ్రామ్ తీశారు. ఒక నాళంలో 30 శాతం పూడిక ఉందని, స్టెంట్ అక్కర్లేదని మందులు రాసిచ్చారు. రెండు నెలలు వాడి మానేశారు. ఏడాది తిరక్కుండానే అక్కడే గడ్డ కట్టి గుండెపోటు వచ్చింది. 30 శాతం ఒక్కసారిగా 100 ఎలా అయింది? లోపల ఇన్‌ఫ్లమేషన్ ఉందని డాక్టరు గారు అన్నారు. అంటే ఏమిటి?
– పాఠకుడు, ఏలూరు

జవాబు: యాంజియోగ్రామ్‌లో కనిపించేది రక్తం పారే దారి మాత్రమే. జబ్బు ఉండేది గోడలో. పూడిక మొదట బయటివైపుకే పెరుగుతుంది, నాళం వెడల్పయి దానికి చోటిస్తుంది. గోడలో జబ్బు బాగా పేరుకున్నాక గానీ దారి సన్నబడదని అమెరికా పరిశోధకుడు గ్లాగోవ్ బృందం 1987లోనే కొలిచి చూపింది. కాబట్టి 30 శాతం అని వినగానే జబ్బు కొంచెమే ఉందనుకోకూడదు.

గోడలో జరిగేది ఇది. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు లోపలి పొర దాటి వెళ్లి గోడలో చిక్కుకుంటాయి, ఆక్సీకరణ చెంది పాడవుతాయి. దాంతో లోపలి పొర కణాల మీద వీక్యామ్-1 వంటి అంటుకునే ప్రోటీన్లు పైకి వస్తాయి. రక్తంలో పోతున్న మోనోసైట్లనే తెల్లకణాలు వాటికి అతుక్కుని ఆగి, సందుల్లోంచి గోడలోకి దూరి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. అవి వచ్చేది శుభ్రం చేయడానికే. చిక్కంతా వాటి గ్రాహకాలతో, అంటే కణం పైన ఉండి పదార్థాలను పట్టుకునే ప్రోటీన్లతో వస్తుంది. మామూలు కణానికి కొలెస్ట్రాల్ సరిపడా అందితే ఎల్‌డీఎల్‌ను పట్టే గ్రాహకాలు తగ్గిపోతాయి. పాడైన ఎల్‌డీఎల్‌ను పట్టే సీడీ36 వంటి మాక్రోఫేజ్ గ్రాహకాలకు ఆ అదుపు లేదు. అందుకే కణం మింగుతూనే పోయి, కొవ్వు బొట్లతో ఉబ్బి, చివరికి చచ్చిపోతుంది. చచ్చిన కణాన్ని పక్కనున్న మాక్రోఫేజ్ వెంటనే ఎత్తేయాలి. జబ్బు ముదిరిన గోడలో ఆ పని కూడా కుంటుపడుతుంది. అలా మిగిలిన కణశకలాలు, కొలెస్ట్రాల్ స్ఫటికాలు మెత్తటి ముద్దగా పేరుకుంటాయి. ఈ స్ఫటికాలే మాక్రోఫేజ్‌ల చేత ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను విడుదల చేయిస్తాయి. ఆ సంకేతం అందుకుని మరిన్ని తెల్లకణాలు వస్తాయి. డాక్టరు గారు చెప్పిన ఇన్‌ఫ్లమేషన్ (మంట) ఇదే.

ఆ ముద్దకూ రక్తానికీ మధ్య కొల్లాజెన్ పీచుతో అల్లిన కప్పు ఉంటుంది. టీ లింఫోసైట్లనే మరో రకం తెల్లకణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్-గామా అనే ప్రోటీన్ కొత్త కొల్లాజెన్ తయారీని అడ్డుకుంటుంది. మాక్రోఫేజ్ ఎంజైములు ఉన్న కొల్లాజెన్‌ను కోసేస్తాయి. (టీ కణాలన్నీ చెడ్డవేమీ కావు, రెగ్యులేటరీ రకం ఈ మంటను చల్లారుస్తుంది.) కప్పు మందం 65 మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో సుమారు 15వ వంతుకు తగ్గిందంటే చిట్లే ప్రమాదం బాగా ఎక్కువ. చిట్లితే లోపలి ముద్ద రక్తానికి తగిలి, చూస్తుండగానే గడ్డ కడుతుంది. 30 శాతం 100 అయ్యే దారి ఇది.

స్టాటిన్ మందు గోడలోకి పోయే ఎల్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. నెలల తరబడి వాడితే కొవ్వు ముద్ద కుదించుకుపోయి కప్పు మందమవుతుంది. రెండు నెలలకు మానేస్తే ఆ మేలు నిలవదు. ఇప్పుడు గుండెపోటు వచ్చింది కాబట్టి ఎల్‌డీఎల్‌ను 55 లోపుకు తేవాలి. మందు మొదలుపెట్టిన 4 నుంచి 6 వారాలకు పరీక్ష చేయించండి. తగ్గకపోతే స్టాటిన్‌కు ఎజెటిమైబ్ కలుపుతారు. గుండెపోటు తర్వాత స్టెంట్ వేసినా అది ఒక్క చోటే, తక్కిన నాళాల గోడలకు రక్షణ ఈ మందులే.

ప్రశ్న: హెల్త్ ప్యాకేజీలో హెచ్‌ఎస్-సీఆర్‌పీ (ఒంట్లో మంటను చూపే రక్తపరీక్ష) 14 వచ్చింది. వారం కిందటే జ్వరం తగ్గింది. ఎల్‌డీఎల్ 118. వయసు 42. గుండెపోటు వస్తుందా?
– పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఈ 14ను గుండె లెక్కలోకి తీసుకోకండి. 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్, దెబ్బ, కీళ్ల వాపు ఉన్నాయేమో చూడాలి. జ్వరం తగ్గిన రెండు మూడు వారాలకు మళ్లీ చేయించండి. రిపోర్టులో లీటరుకు మిల్లీగ్రాములా, డెసిలీటరుకా అన్నది తప్పక చూడండి. డెసిలీటరుకు 0.3 అంటే లీటరుకు 3. లీటరు లెక్కన 1 లోపు తక్కువ ప్రమాదం, 1 నుంచి 3 మధ్యస్థం, 3 పైన ఎక్కువ.

సీఆర్‌పీ కాలేయంలో తయారవుతుంది. లోపల మంట ఉందని చెబుతుందే తప్ప ఎక్కడుందో చెప్పదు. పొట్ట కొవ్వు, పొగ, చిగుళ్ల జబ్బు కూడా దాన్ని పెంచుతాయి. స్టాటిన్ మొదలుపెట్టాలా వద్దా అని ఊగిసలాడేవారికే ఈ పరీక్ష అక్కరకొస్తుంది. ఇమ్యూనిటీ పెంచుతామనే పొడుల మీద మాత్రం డబ్బు పోయకండి. ఈ జబ్బులో తెల్లకణాల కొరత ఏమీ లేదు.

ప్రశ్న: నాకు స్టెంట్ వేశారు. గౌట్‌కు ఇచ్చే కాల్చిసిన్ 0.5 మిల్లీగ్రాములు రోజూ వేసుకుంటే మళ్లీ గుండెపోటు రాదని చదివాను. మొదలుపెట్టవచ్చా?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అంతట మీరు మొదలుపెట్టకండి. మీ డాక్టరు గారిని అడగడం మాత్రం సబబే.

ఇన్‌ఫ్లమేషన్‌ను అణచితే గుండెపోట్లు తగ్గుతాయని 2017లో రోగులపై చేసిన కాంటోస్ అనే మందు పరీక్ష తేల్చింది. ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డుకునే కనాకినుమాబ్ ఇంజెక్షన్ 150 మిల్లీగ్రాములు మూడు నెలలకోసారి ఇస్తే గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి, ఎల్‌డీఎల్ మారకుండానే. అయితే ప్రాణాంతక ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు. కాల్చిసిన్ చవకైన మందు. గుండెపోటు వచ్చిన 30 రోజుల్లోపు మొదలుపెట్టిన కోల్‌కాట్ పరీక్షలో, 2019లో, ముప్పు 23 శాతం తగ్గింది. నిలకడగా ఉన్న గుండె జబ్బువారిలో లోడోకో2 పరీక్షలో, 2020లో, 31 శాతం తగ్గింది. 2024లో ఏడు వేల మందికి పైగా గుండెపోటు రోగులతో చేసిన క్లియర్ సినర్జీలో మేలేమీ కనిపించలేదు. అందుకే ఇది అందరికీ రాసే మందు కాదు. ఎల్‌డీఎల్, బీపీ, షుగర్ అదుపులో ఉండి, పొగ మానేసినా ముప్పు మిగిలినవారికి ఆలోచించదగ్గది.

కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి, తీవ్ర కాలేయ జబ్బు ఉన్నవారికి వద్దు. గొంతునొప్పికి రాసే క్లారిత్రోమైసిన్, ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్, బీపీ మందులు వెరపమిల్, డిల్టియాజెమ్ కాల్చిసిన్‌ను రక్తంలో ప్రమాదకరంగా పెంచగలవు. కాల్చిసిన్ వాడుతున్నవారు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ఆ సంగతి ముందే చెప్పాలి. విరేచనాలు తగ్గకపోయినా, కండరాలు పట్టు తప్పినా వెంటనే చూపించుకోవాలి.

ప్రశ్న: రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు మెథోట్రెక్సేట్ వాడుతున్నాను. గుండెకు ముప్పా?
– పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముప్పు మందు వల్ల కాదు, కీళ్ల జబ్బు వల్లే. అందుకే గుండె ముప్పు లెక్కించేటప్పుడు ఈ జబ్బున్నవారికి వచ్చిన అంకెను 1.5తో గుణించమని యూరప్ నిపుణులు చెబుతారు. కీళ్ల వాపును అదుపులో ఉంచడం గుండెకూ మంచిదే, మెథోట్రెక్సేట్ ఆపకండి. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు రోజుల తరబడి మింగడమే గుండెకు చేటు. ఏటా లిపిడ్ ప్రొఫైల్, బీపీ, షుగర్ చూపించుకోండి.

ప్రశ్న: గుండె జబ్బు ఉన్న మా అమ్మగారికి ఫ్లూ టీకా అవసరమా?
– పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: అవసరమే, ఏటా ఒకసారి. ఫ్లూ సోకితే ఒళ్లంతా రోగనిరోధక కణాలు రెచ్చిపోతాయి, గోడలో ఉన్న పూడిక చిట్లే అవకాశం పెరుగుతుంది. కెనడాలో 2018లో వెలువడిన అధ్యయనంలో, ఫ్లూ నిర్ధారణ అయిన తొలి 7 రోజుల్లో గుండెపోటు ముప్పు ఆరు రెట్లు కనిపించింది. వానలు మొదలవకముందే వేయించండి. జ్వరంలో ఉన్నప్పుడు ఛాతీ బరువు, ఆయాసం, చెమటలు వస్తే నీరసమనుకుని ఇంట్లో ఉంచకుండా ఈసీజీ తీయించండి.