ఎనిమిదో తరగతి పిల్లలకు బడిలో జెండర్ గురించి చెప్పడం అవసరమా?

అడిగినాయన కర్నూలు ఆయన. కొడుకు ఎనిమిదో తరగతి. అమెరికా బళ్లలో ప్రైడ్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్ల హక్కుల ఉద్యమం) పేరుతో ఏవేవో నేర్పిస్తున్నారంట, అది మన బళ్లకూ వస్తుందా అని ఆయన భయం.

చెప్పడం అవసరమే సారూ. కానీ అక్కడి తగాదా వేరు. మేరీలాండ్‌లోని మాంట్‌గోమరీ కౌంటీ బళ్లలో చిన్నపిల్లలకు అట్లాంటి మనుషుల గురించిన కథల పుస్తకాలు పెట్టారు. ఇష్టం లేనివాళ్లు పిల్లల్ని ఆ క్లాసు నుంచి తప్పించుకునే వీలు మొదట ఉండేది, 2023లో దాన్ని తీసేశారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కితే 2025 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు వాళ్లవైపే చెప్పింది. పాఠం కన్నా, పెద్దవాళ్లను పక్కన పెట్టడమే అక్కడ కొంప ముంచింది. మన దగ్గర అంత దూరం ఎవరూ పోలేదు. ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్ల కోసం ఎన్‌సీఈఆర్‌టీ (బడి పుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ) తయారుచేసిన పుస్తకాన్నే 2021లో గొడవ కాగానే వెబ్‌సైటు నుంచి తీసేశారు. టీచర్లనే చదవనివ్వకపోతే ఎట్లా?

జెండర్ పాఠం మన బళ్లలో రోజూ నడుస్తూనే ఉంది, కాకపోతే చెప్పేది తోటి పిల్లలు. ఆడంగి, తేడా, పాయింట్ ఫైవ్. నడక కాస్త మెత్తగా ఉన్న పిల్లోణ్ణి ఒంటికి వదిలే బెల్లు కొట్టినప్పుడు చూడండి. అందరూ పరిగెత్తుతారు, వాడు బ్యాగు సర్దుకుంటా కూర్చుంటాడు. తలుపు లేని మూత్రశాలలో వెనకనుంచి లాగుతారని భయం. క్లాసు మొదలయ్యాక పోతానంటే సారు పంపడు. అందుకని నీళ్లే మానేస్తాడు, మార్చి ఎండల్లో కూడా. తర్వాత మూత్రంలో మంట, తలనొప్పి, నాగాలు. తొమ్మిదిలో బడి మానేస్తే 'చదువు అబ్బలేదు' అని తేల్చేస్తారు.

దీన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు. కొన్ని బళ్లలో ర్యాంపు ఉన్న మరుగుదొడ్డి ఒకటుంటుంది, తలుపూ గడియా బాగుంటాయి, తాళంచెవి మాత్రం హెడ్మాస్టరు సొరుగులో. ఆ తాళం తీసిపెట్టండి. కారణం అడక్కుండా పీరియడ్ మధ్యలో పంపండి.

పాఠానికి చోటు కూడా ఉంది. 2020లో మొదలైన ఆయుష్మాన్ భారత్ బడి ఆరోగ్య కార్యక్రమంలో బడికి ఇద్దరు టీచర్లు, వారానికో గంట, 24 వారాలు. 11 అంశాల్లో లింగ సమానత్వం ఒకటి. కానీ సైన్సులో కౌమారదశ పాఠాన్నే 'ఇంటికాడ చదువుకోండి' అని పేజీలు తిప్పేసే టీచర్లు ఈ గంటను ఏం చేస్తారో చెప్పక్కర్లేదు. అది లెక్కల పీరియడైపోతుంది.

చెప్పే పద్ధతిలోనే అంతా ఉంది. వారం ముందు తల్లిదండ్రుల్ని పిలిచి పాఠం మొత్తం చదివి వినిపించండి. క్లాసులో అందరికీ ఒకే కొలత చీటీలు, ఒకే రంగు పెన్ను ఇవ్వండి. ప్రశ్న లేనివాళ్లు ఆరోజు తేదీ రాయాలి. ప్రశ్న ఉన్నవాళ్లే రాస్తే రాసే చెయ్యి ఎవరిదో క్లాసంతా చూస్తుంది. చీటీలు అక్కడికక్కడ చదవొద్దు, దస్తూరి పక్కవాడు పట్టేస్తాడు. ఇంటికి తీసుకెళ్లి, ప్రశ్నల్ని మీ మాటల్లో తిరగరాసి, మరుసటి వారం జవాబు చెప్పండి. 'ఎవ్వరికీ చెప్పను' అని మాత్రం మాట ఇవ్వకండి. ఎవరో తాకుతున్నారని ఒక చీటీలో ఉంటే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

పిల్లలు తప్పకుండా అడిగేది ఒకటుంది. ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోళీకి మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టి రతీమన్మథులకు మొక్కు తీర్చుకుంటారు కదా, వాళ్లూ ట్రాన్స్‌జెండర్లేనా అని. కాదు. అది మొక్కు. కట్టే బట్ట వేరు, మనసులో నేను ఆడా మగా అన్నది వేరు, ఎవరి మీద ఇష్టం కలుగుతుందన్నది వేరు. ఈ మూడూ విడదీసి చెబితే సగం పాఠం అయిపోయినట్టే. రెండోదాన్ని గుర్తించమని మన సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15నే చెప్పింది. 'మీలో ఎవరైనా ఉన్నారా' అని మాత్రం క్లాసులో అడగకండి. ఒక్క పిల్లోడు తల దించుకున్నా చాలు, ఆ ఏడాదంతా వాడికి నరకం.

పేరుతో ఇబ్బంది పడే పిల్లలుంటే హాజరు అందరికీ రోల్ నంబరుతో పిలవండి. వాళ్లొక్కరికే నంబరు పెడితే మళ్లీ వేలెత్తి చూపినట్టే.

ఇంక మీరు చేయగలిగింది. సాయంత్రం మీ అబ్బాయి బ్యాగులో నీళ్ల సీసా ఎత్తి చూడండి. పొద్దున నింపింది నింపినట్టే ఉంటే, ఎందుకు తాగలేదని గద్దించొద్దు. 'ఒంటికి పోయినావా నాయనా, ఎవరన్నా అడ్డమొస్తా ఉండారా' అని అడగండి.