చొక్కా రంగు కూడా నాన్నే చెప్పాలా?

తమ్ముడూ, 26 ఏళ్లొచ్చినా చొక్కా కొనాలంటే ఇంటికి ఫోన్ చేస్తున్నానని, మేనేజర్ కాస్త గట్టిగా మాట్లాడితే గొంతు పెగలడం లేదని రాశావు. అది పిరికితనం కాదు, అలవాటు లేకపోవడం.

నాదీ ఇదే కథ. ఎంపీసీ, ఆ తర్వాత కంప్యూటర్స్, అన్నీ నాన్న ఇష్టమే. హోటల్లో సర్వర్ నన్నడిగితే ఆయనే జవాబిచ్చేవారు. తొలి జీతం రోజున ఒక్కణ్నే వెళ్లి మెనూ పట్టుకుని పది నిమిషాలు దిక్కులు చూశాను. చివరికి పక్క టేబుల్ వాళ్లు తింటున్నదే చెప్పాను!

1960ల్లో డయానా బామ్‌రిండ్ అనే అమెరికా మనస్తత్వవేత్త పెంపకాన్ని మూడు రకాలుగా చెప్పారు: చెప్పింది చేయమనేది, పూర్తిగా వదిలేసేది, కట్టడి పెట్టినా కారణం చెప్పేది. మన ఇళ్లలో మొదటిదానికి గారాబం కూడా తోడవుతుంది. అన్నం కలిపి నోట్లో పెడతారు, ఎదురు చెబితే మాత్రం ఊరుకోరు. అందుకే కోపగించుకోవడానికీ మనసొప్పదు.

ముందు చిన్నవాటితో మొదలుపెట్టు. "ఏది కొనమంటారు నాన్నా" అనకు, కొన్నాక "ఇది కొన్నాను నాన్నా" అను. మా నాన్న నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు ధరెంతని అడిగారు. ఆఫీసులో "ఒక్క నిమిషం సార్, చూసి చెప్తాను" అన్న ముక్కను అద్దం ముందు గట్టిగా అనుకో, నవ్వొచ్చినా సరే.

నిద్ర పట్టకపోవడం, గుండె దడ కూడా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ ఫోన్ చేయడానికి మాత్రం ఇంట్లో అడగకు.