టీమ్స్‌లో పచ్చ చుక్క, హెచ్‌ఆర్ నుంచి మెయిల్

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాడు. ఎనిమిది నెలలైంది, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు. వారానికి రెండు రోజులు ఇంటి నుంచే పని. ఇచ్చిన పని తొందరగా అయిపోతుందని, మిగతా టైంలో ఆఫీసు లాప్‌టాప్‌లోనే క్రికెట్, యూట్యూబ్ చూసేవాడట. ఖాళీగా ఉన్నట్టు కనపడకూడదని, మౌస్‌ను దానంతటదే కదిపే పరికరం ఒకటి ఆన్‌లైన్‌లో కొని పెట్టుకున్నాడు. మొన్న హెచ్‌ఆర్ నుంచి మెయిల్ వచ్చింది, మూడు రోజుల్లో వివరణ ఇవ్వాలని. పని చేసి పెడుతున్నప్పుడు ఏం చూస్తే వాళ్లకేంటండీ? ఇలా నిఘా పెట్టడం చట్టప్రకారం చెల్లుతుందా? రాజీనామా చేసి వేరే ఉద్యోగం చూసుకోమనాలా?
- ఎరువుల దుకాణం నడిపే ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ముందు రాజీనామా మాట పక్కన పెట్టండి. వివరణ అడిగిన మూడు రోజుల్లో కాగితం పెట్టేస్తే, తప్పు చేసి పారిపోయాడనే అనుకుంటారు. రేపు కొత్త కంపెనీ వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కోసం అడిగితే పాత హెచ్‌ఆర్ ఏం చెబుతారో మన చేతుల్లో ఉండదు. టెన్షన్ పడాల్సిన విషయమే, కాదనను. కానీ ఎనిమిది నెలల అనుభవానికి సరైన లెటర్ తెచ్చుకోవడం ఇప్పుడు మీవాడికి జీతం కన్నా ముఖ్యం.

ఇక మీ మొదటి ప్రశ్న. "పని చేసి పెడుతున్నాడు కదా" అన్నారు. ఆ మాట వరకు నేను మీవైపే. 2009లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెంట్ కోకర్ ఇదే విషయం మీద అధ్యయనం చేశారు. పని సమయంలో 20 శాతం మించకుండా సరదాకి ఇంటర్నెట్ చూసేవాళ్లు, అసలు చూడనివాళ్ల కన్నా మెరుగ్గా పని చేశారని అందులో తేలింది. మధ్యలో నాలుగు నిమిషాలు స్కోరు చూసుకున్నంత మాత్రాన ఎవరి కొంపా మునగదు. చాలామంది మేనేజర్లు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. వాళ్లూ చూస్తారు మరి.

చిక్కంతా ఆ మౌస్ పరికరంతోనే వచ్చింది. ఆఫీసువాళ్లు చాటింగ్‌కి, మీటింగులకి వాడే టీమ్స్ యాప్‌లో, సీట్లో ఉన్న మనిషి పేరు పక్కన పచ్చ చుక్క కనపడుతుంది. ఐదు నిమిషాలు మౌస్, కీబోర్డు ముట్టుకోకపోతే అది పసుపుగా మారుతుంది. మీవాడు ఆ చుక్క పసుపు కాకుండా చూసుకున్నాడు. అంటే "నేను సీట్లో ఉన్నాను, పని చేస్తున్నాను" అని లేనిది ఉన్నట్టు రోజంతా చెప్పించాడు. మీ దుకాణంలో బేరం లేని మధ్యాహ్నం కుర్రాడు ఫోన్ చూసుకుంటుంటే మీరు పెద్దగా పట్టించుకోరు. అదే కుర్రాడు స్టాకు రిజిస్టర్లో రెండు బస్తాలు తేడా రాశాడనుకోండి, బస్తాల ఖరీదు సంగతి తర్వాత, ఆ రోజు నుంచి గల్లాపెట్టె దగ్గర కూర్చోనిస్తారా? హెచ్‌ఆర్ మెయిల్‌ని కూడా ఆ కళ్లతోనే చూడండి.

ఎలా దొరికాడని ఆశ్చర్యపోతుండవచ్చు. యూఎస్‌బీలో గుచ్చే రకమైతే ఆ పరికరం పేరు సిస్టమ్ జాబితాలో పడుతుంది. మౌస్‌ను పైన పెట్టి తిప్పే రకమైనా, కర్సర్ రెండు గంటలు ఆగకుండా కదిలి, ఆ రెండు గంటల్లో ఒక్క కీ కూడా నొక్కకపోతే అనుమానం రాదా? 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు వాడుతున్నట్టు చూపించి పని చేస్తున్న భ్రమ కల్పించారని డజనుకు పైగా ఉద్యోగుల్ని తీసేసింది. కాబట్టి కంపెనీలు దీన్ని చిలిపి పని కింద తీసుకుంటాయని అనుకోవద్దు.

నా సంగతి ఒకటి చెబుతాను. తొంభైల్లో విజయవాడలో ఒక చిన్న ఆఫీసులో గుమాస్తాగా చేరాను. అక్కడ నల్ల ఫోనుకి, వేళ్లు పెట్టి తిప్పే డయల్‌కి చిన్న తాళం వేసేవారు. రిసీవర్ పెట్టే మీటను లెక్క ప్రకారం టకటకా కొడితే తాళం తీయకుండానే నంబరు కలిసేది. ఆ విద్య నాకు వచ్చు. ఒకరోజు మా ఓనరు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. తిట్టలేదు. తాళంచెవి సొరుగులోనే ఉండేది, అడిగితే ఇచ్చే మనిషే. కానీ ఆ తర్వాత ఆరు నెలలు పెట్టీ క్యాష్ నా చేతికి ఇవ్వలేదు. కాల్‌కి అయింది రూపాయో, రూపాయిన్నరో.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అయితే అది ప్రధానంగా ప్రభుత్వాన్ని ఉద్దేశించిన తీర్పు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, ఉద్యోగ అవసరాలకు, సంస్థకు నష్టం రాకుండా చూసుకోవడానికి సిబ్బంది సమాచారాన్ని వాడుకునే వెసులుబాటు యజమానికి ఉంచారు. పైగా చేరిన రోజు మీవాడు సంతకం పెట్టిన కాగితాల్లో లాప్‌టాప్ వాడకం పాలసీ ఉండే ఉంటుంది. అది తీసి చదవమనండి. చదవకుండా సంతకం పెట్టి ఉంటాడు, అందరూ అంతే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. బ్రౌజర్ హిస్టరీ, ఫైళ్లు ఏవీ చెరపకూడదు. చాలా వివరాలు వాళ్ల సర్వర్లో ఈపాటికే ఉంటాయి. ఇప్పుడు చెరిపితే సాక్ష్యం మాయం చేశాడన్న రెండో తప్పు నెత్తిన పడుతుంది. మెయిల్ పంపేముందు మేనేజర్‌కి ఫోన్ చేసి నేరుగా మాట్లాడాలి, హెచ్‌ఆర్ నోట ఆయన వినేలోపే. మెయిల్‌లో ఇంతే: "ఆ పరికరం వాడిన మాట నిజం. ఫలానా నెల నుంచి వాడాను. తప్పు నాదే. తీసేశాను. ఆ నెలల్లో నేను ముగించిన పనుల జాబితా జత చేస్తున్నాను. ప్రొబేషన్ అయ్యేదాకా రోజూ ఆఫీసుకే వస్తాను." అందరూ చేస్తున్నారు, పక్కవాడు కూడా కొన్నాడు అన్న మాటలు ఒక్కటి కూడా రానివ్వొద్దు. మీరు హెచ్‌ఆర్‌కి ఫోన్ చేయొద్దు, దయచేసి. నాన్న మాట్లాడితే కుర్రాడు మరింత చిన్నవాడైపోతాడు.

పని తొందరగా అయిపోతోందన్నారు, నాకు అది మంచి వార్తే. అసలు అదే మేనేజర్‌కి చెప్పుకోవాల్సిన విషయం. "నాకు సాయంత్రం మూడింటికల్లా అయిపోతోంది, ఇంకో మాడ్యూల్ ఇవ్వండి" అని అడిగిన కుర్రాణ్ణి ప్రొబేషన్‌లో ఎవరూ వదులుకోరు. పచ్చ చుక్క చూసి మనిషిని కొలిచే కంపెనీలో కూడా లోపం ఉంది, నేను ఒప్పుకుంటాను. కానీ ఆ వాదన ఉద్యోగం పర్మనెంట్ అయ్యాక పెట్టుకోవచ్చు.

ఇకముందు స్కోరైనా, బ్యాంకు పనైనా, పెళ్లి ఫొటోలైనా సొంత ఫోన్లో, సొంత డేటా మీదే చూసుకోమనండి. బ్రౌజర్‌లో హిస్టరీ దాచుకోని ఇన్‌కాగ్నిటో విండోలో తెరిస్తే ఎవరికీ కనపడదని పిల్లలు నమ్ముతారు. ఆ విండో తెరవగానే వచ్చే పేజీలోనే, మీ యజమానికి కనిపించవచ్చు అని క్రోమ్ రాసి పెట్టింది. ఎవరూ చదవరు.

ఆ మౌస్ పరికరాన్ని మాత్రం కోపంలో బయట పారేయనివ్వకండి. లాప్‌టాప్‌కి దూరంగా బీరువాలో పెట్టమనండి. రేపు మీటింగులో చూపించమని అడిగితే చూపించాలి.