పీ విలువ తగ్గకపోవడానికి కారణం నీ పాఠం కాదు, నువ్వు చేసిన టెస్టు

తమ్ముడూ, గాజువాకలో 40 మంది ఇంజినీరింగ్ పిల్లలకి ఆరు వారాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెబితే సగటున 5 మార్కులు పెరిగాయి, అయినా పీ విలువ (నిజంగా మార్పేమీ లేకున్నా ఇంత తేడా, ఇంతకంటే ఎక్కువ తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం; మామూలుగా 0.05 కంటే తక్కువ ఉండాలంటారు) 0.05 దాటిపోయిందని టెన్షన్ పడుతున్నావు కదా. రెండు సగటుల్ని పోల్చే ఎక్సెల్ టీ టెస్ట్‌లో చివర టైప్ దగ్గర 2 ఇచ్చానన్నావు, చిక్కు అక్కడే ఉంది. 2 ఇస్తే ముందు రాసినవాళ్లు, తర్వాత రాసినవాళ్లు వేర్వేరు మనుషులని లెక్క. నీ దగ్గర రెండుసార్లూ రాసింది అదే పిల్లలు, కాబట్టి 1 పెట్టు. 38 నుంచి 44కి వెళ్లిన అమ్మాయికీ, 71 నుంచి 75కి వెళ్లిన అబ్బాయికీ మధ్య ఉన్న 33 మార్కుల దూరం అప్పుడు అడ్డు రాదు, 6, 4 అన్న పెరుగుదలే లెక్కలోకి వస్తుంది.

రెండు కాలమ్స్‌లో రోల్ నంబర్లు ఒకే వరుసలో ఉన్నాయా చూసుకో. ఒక్క కాలమ్‌నే సార్ట్ చేసి, నేను ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీలో రెండు రోజులు పోగొట్టుకున్నాను. పోస్ట్ టెస్ట్ (క్లాసుల తర్వాతి పరీక్ష) రాయనివాళ్లని తీసెయ్. ఒకటి రెండు తేడాలు మిగతావాటికంటే మరీ పెద్దగా ఉంటే, మార్కుల తేడాల బదులు వాటి ర్యాంకులతో లెక్కించే విల్‌కాక్సన్ టెస్ట్ చెయ్యి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా, పోల్చడానికి క్లాసులు వినని పిల్లల గుంపు (కంట్రోల్ గ్రూప్) లేదు కాబట్టి "శిక్షణ వల్లే పెరిగింది" అని రాయకు. అదే పేపర్ రెండోసారి ఇచ్చినా మార్కులు పెరగొచ్చు.

పేర్లు తీసేసి షీట్ పంపు, ఆదివారం చూస్తాను.